ఇన్సూరెన్స్ నర్సు ఇంటికొస్తానంటే

(అమెరికాలోని ఒక తెలుగు సంఘం పెద్దల సమావేశంలో ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక ప్రసంగం పెట్టారు కాబట్టి ఎవరికైనా కునుకు పడితే నేనేమీ అనుకోను. చివర్లో ప్రశ్నలు ఉంటాయి, అప్పటికి లేస్తే చాలు.

కమిటీవాళ్ళు నన్ను షుగరు గురించి మాట్లాడమన్నారు. షుగరు గురించి ఈ హాల్లో ఉన్నవాళ్ళకి నాకంటే ఎక్కువే తెలుసు. కాకరకాయ రసం దగ్గర్నుంచి మెంతుల దాకా నాకు నేర్పింది మీరే. అందుకని నా దగ్గరికొచ్చే పెద్దవాళ్ళు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న సంగతి ఒకటి ఎంచుకున్నాను.

మీకొక ఫోను వస్తుంది. "మీ హెల్త్ ప్లాన్ తరఫున మాట్లాడుతున్నాం. ఈ ఏడాది మీకు ఉచితంగా ఇంటి దగ్గరే హెల్త్ విజిట్ ఉంది. నర్స్ ప్రాక్టీషనర్, అంటే జబ్బులు నిర్ధారించే అర్హత ఉన్న నర్సు, వచ్చి ఒక గంట ఉంటారు. మీరు ఒక్క పైసా కట్టక్కర్లేదు, పైగా గిఫ్ట్ కార్డు ఇస్తాం. మంగళవారం పదింటికి రమ్మంటారా?" మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్, అంటే పెద్దవాళ్ళకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్‌ని ప్రైవేటు కంపెనీ ద్వారా తీసుకునే ప్లాన్, ఉండి, ఇలాంటి ఫోను ఇంతవరకు రానివాళ్ళు ఉంటే చేతులెత్తండి.

చూశారా, ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

ఈ ఫోనుకి మనవాళ్ళు రెండు రకాలుగా స్పందిస్తారు. కొందరు ఇది మోసం అని ఠక్కున పెట్టేస్తారు. ఇంకొందరు ఆ నర్సుకి ఇడ్లీలు పెట్టి, కాఫీ ఇచ్చి, వెళ్ళేటప్పుడు గోంగూర పచ్చడి సీసా కూడా చేతిలో పెడతారు. (నవ్వులు) నిజంగా ప్లాన్ పంపిన మనిషే అయితే అది మోసం కాదు. అలాగని వాళ్ళు చెప్పినంత ఉచితమూ కాదు. మీ చేత డబ్బు కట్టించరు, నిజమే. కానీ ఆ గంటలో డబ్బు పుడుతుంది. ఎవరికి, ఎలా పుడుతుందో తెలిస్తే ఆ గంటని మీకు పనికొచ్చేలా వాడుకోవచ్చు. నేను చెప్పదలుచుకున్నది ఇంతే, మిగతాదంతా వివరం.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1965లో జాన్సన్ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు మెడికేర్ చట్టం వచ్చింది. మనలో చాలామందికి ఈ దేశపు తలుపులు తెరిచిన ఇమిగ్రేషన్ చట్టం కూడా ఆ ఏడాదే వచ్చింది. ఆ తలుపులోంచి డెబ్బైల్లో వచ్చి, ఇక్కడే ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళు ఈ ముందు వరసల్లో ఉన్నారు. వాళ్ళకి పార్ట్ ఏ, అంటే ఆస్పత్రి ఖర్చుల భాగం, ప్రీమియం లేకుండానే వస్తుంది. పిల్లలు గ్రీన్ కార్డు మీద తెచ్చుకున్న అమ్మానాన్నలు వెనక వరసల్లో ఉన్నారు. వాళ్ళు అరవై ఐదు దాటాక, ఇక్కడ వరసగా ఐదేళ్ళు ఉంటే మెడికేర్ కొనుక్కోవచ్చు. 2025 లెక్కన పూర్తి పార్ట్ ఏ నెలకి 518 డాలర్లు, డాక్టరు ఖర్చులకైన పార్ట్ బి 185 డాలర్లు. రెండూ ఉంటేనే అడ్వాంటేజ్ ప్లాన్‌లో చేర్చుకుంటారు. కాబట్టి ఈ ఫోను మీకు వచ్చిందంటే అప్పటికే ఎవరో ఒకరు, మీరో మీ అబ్బాయో, బాగానే డబ్బు కడుతున్నారన్నమాట.

మామూలు మెడికేర్‌లో డాక్టరు ఏ పని చేస్తే ఆ పనికి ప్రభుత్వం డబ్బిస్తుంది. అడ్వాంటేజ్ అలా కాదు. దాన్ని పార్ట్ సి అని కూడా అంటారు. 2003 చట్టంతో ఆ పేరు వచ్చింది, ఇప్పుడు మెడికేర్ ఉన్నవాళ్ళలో సగానికి పైగా అందులోనే ఉన్నారు. ఇందులో ప్రభుత్వం ఇన్సూరెన్స్ కంపెనీకి తలకి ఇంత అని నెలనెలా ఇచ్చేస్తుంది. పెళ్ళి భోజనాలకి ప్లేటుకి ఇంత అని క్యాటరింగువాడికి ఇచ్చినట్టు. మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ డబ్బు వాళ్ళదే.

అయితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ, పది జబ్బులున్నవాళ్ళకీ ఒకే రేటు అయితే కంపెనీలు జబ్బు మనుషుల్ని చేర్చుకోవు. అందుకని 2004 నుంచి జబ్బుల పట్టిక ఒకటి పెట్టారు. మీ పేరు మీద ఎన్ని పెద్ద జబ్బులు రాసి ఉంటే మీ తరఫున కంపెనీకి అంత ఎక్కువ వస్తుంది. ఆలోచన మంచిదే, తప్పుపట్టడానికి లేదు. తిరకాసంతా ఎక్కడంటే, ఆ జబ్బుల్ని ప్రతి ఏడాదీ మళ్ళీ కొత్తగా ఎవరో ఒకరు మిమ్మల్ని చూసి రాయాలి. జనవరి ఒకటిన లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. షుగరు వల్ల కాలు తీసేశారనుకోండి, ఆ కాలు ఈ ఏడాది కూడా లేదని ఎవరో ఒకరు చూసి రాయాల్సిందే. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, జబ్బులకి కోడ్‌లు రాయడం నేర్పే మా కోడింగ్ క్లాసుల్లో చెప్పే ఉదాహరణే ఇది.

ఇప్పుడు కంపెనీ వైపు నుంచి ఆలోచించండి. డాక్టరు దగ్గరికి రాని మనిషి ఉన్నాడు. వచ్చినా, డాక్టరుకి పావుగంటే ఉంటుంది, మోకాలి నొప్పి ఒక్కటే చూసి పంపించేశాడు. మిగతా జబ్బులేవీ రాయలేదు. కంపెనీ ఏం చేస్తుంది? తనే ఒక మనిషిని ఇంటికి పంపి రాయించుకుంటుంది. ఈ పనికే ప్రత్యేకంగా కంపెనీలు పుట్టాయి. సిగ్నిఫై హెల్త్ అని ఒకటుంది, ఇళ్ళకి ఇలా నర్సుల్ని పంపడమే దాని ప్రధాన వ్యాపారం. 2023లో మందుల షాపుల కంపెనీ సీవీఎస్ దాన్ని కొనడానికి దాదాపు 800 కోట్ల డాలర్లు పెట్టింది. ఇన్సూరెన్స్ కంపెనీ యునైటెడ్ హెల్త్‌కి హౌస్ కాల్స్ అని సొంత విభాగమే ఉంది. మీకిచ్చే గిఫ్ట్ కార్డు ఆ లెక్కల్లో చిల్లర కింద కూడా రాదు. వాల్ స్ట్రీట్ జర్నల్ వాళ్ళు మెడికేర్ రికార్డులు తవ్వి 2024లో రాసింది ఏమిటంటే, 2019 నుంచి 2021 వరకు ఇలాంటి ఒక్కో విజిట్ వల్ల కంపెనీలకి సగటున 1,818 డాలర్లు అదనంగా వచ్చాయట.

ప్రభుత్వం దీన్ని చూడలేదా అంటే చూసింది. ఆరోగ్య శాఖకి ఇన్స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఉంది, వాళ్ళు 2024 అక్టోబరులో ఒక నివేదిక ఇచ్చారు. ఇలా జబ్బుల లెక్క తీసే విజిట్లలోనూ, అంటే రిస్క్ అసెస్‌మెంట్లలోనూ, వాటి వెంట వైద్య రికార్డులు తిరగేసే చార్టు రివ్యూల్లోనూ తప్ప ఇంకెక్కడా కనిపించని జబ్బుల మీద 2023లో కంపెనీలకి వెళ్ళిన డబ్బు సుమారు 750 కోట్ల డాలర్లని అంచనా కట్టారు. అందులో దాదాపు మూడింట రెండొంతులు ఇళ్ళకొచ్చి రాసినవాటి వల్లే. ఇది 17 లక్షల మంది పేర్ల మీద జరిగింది.

ఇక్కడ డబ్బుని పక్కన పెట్టండి. "ఇంకెక్కడా కనిపించని" అన్న మాట పట్టుకోండి. ఒక మనిషికి గుండె జబ్బో, కాలి రక్తనాళాల జబ్బో ఉందని ఇంటికొచ్చిన నర్సు రాసింది. ఆ ఏడాదంతా ఆ జబ్బుకి ఒక్క డాక్టరు విజిట్ లేదు, టెస్టు లేదు, ఆస్పత్రి లేదు. అంటే రెండే దారులున్నాయి. ఆ జబ్బు లేకుండానే రాశారు, లేదా నిజంగానే ఉంది కానీ ఎవరూ వైద్యం చెయ్యలేదు. డాక్టరుగా నాకు రెండోదే ఎక్కువ భయం. మొదటిది ఖజానాకి నష్టం. రెండోది మనిషికి. ఇన్స్పెక్టర్ జనరల్ నివేదిక కూడా ఈ రెండు అనుమానాలే రాసింది.

కోర్టుల దాకా వెళ్ళిన సంగతులూ ఉన్నాయి. 2023లో సిగ్నా ఇన్సూరెన్స్ కంపెనీ న్యాయ శాఖతో సుమారు 17.2 కోట్ల డాలర్లకి రాజీ కుదుర్చుకుంది. అందులో ఒక భాగం, 3.7 కోట్ల డాలర్లు, ఇంటి విజిట్ల ఆరోపణలకి సంబంధించింది. నిర్ధారణకి అవసరమైన పరీక్షలు చెయ్యకుండానే పెద్ద పెద్ద జబ్బులు రాశారనీ, వచ్చిన నర్సులు వైద్యం మాత్రం చెయ్యకూడదని చాలాచోట్ల కట్టడి ఉందనీ ప్రభుత్వం ఆరోపించింది. జబ్బు రాయొచ్చు, మందు రాయకూడదు. ఇంతకంటే విడమర్చి నేనేం చెప్పను?

మా డాక్టర్లం శుద్ధపూసలమని కాదు. ఇన్సూరెన్స్ కంపెనీలతో వాటాల కాంట్రాక్టులున్న క్లినిక్కులు చాలా ఉన్నాయి, అక్కడా జబ్బులు రాయమని ఒత్తిడి ఉంటుంది. కాకపోతే నేను రాసింది తప్పయితే వచ్చే నెల మళ్ళీ మీ ముఖం నేను చూడాలి. ఇంటికొచ్చిన నర్సు మళ్ళీ మీకు కనిపించదు.

ఆ గంటలో ఏం జరుగుతుందో చెప్తాను. బీపీ చూస్తారు, బరువు చూస్తారు, మీ జబ్బుల చరిత్ర అడుగుతారు. కొందరు వేలి నుంచి రక్తం చుక్క తీసి, మూడు నెలల షుగరు సగటు చెప్పే ఏవన్‌సీ చూస్తారు. మూత్రం పరీక్ష, కంటి వెనక ఫోటో, పెద్దపేగు క్యాన్సర్ పరీక్షకి కిట్టు, ఇలాంటివి ప్లాన్‌ని బట్టి మారతాయి. ఇవి మంచివే, ముఖ్యంగా ఏళ్ళ తరబడి కంటి పరీక్ష తప్పించుకు తిరిగే షుగరువాళ్ళకి. ఎవరి సంగతి చెప్తున్నానో వాళ్ళకి తెలుసు.

వేలికీ కాలి బొటనవేలికీ క్లిప్పు పెట్టి చేసే పరీక్ష ఒకటుంది, కాళ్ళలో రక్తప్రసారం చూడ్డానికి. నా పేషెంటు ఒకాయన ఇంటికి వచ్చిన నర్సు ఈ పరీక్ష చేసి, కాలి రక్తనాళాలు సన్నబడ్డాయని కాగితం ఇచ్చి వెళ్ళింది. ఆయన భయపడి రోజూ చేసే వాకింగ్ మానేశాడు. నిజంగా ఆ జబ్బే ఉంటే మేము మొట్టమొదట చెప్పేది నడవమనే! సరైన పరీక్ష చేయిస్తే కాళ్ళు బాగానే ఉన్నాయి. ఏ లక్షణాలూ లేనివాళ్ళకి ఈ జబ్బు కోసం పరీక్షలు చెయ్యడం వల్ల లాభమో నష్టమో తేల్చడానికి ఆధారాలు చాలవని, ముందుజాగ్రత్త పరీక్షల మీద సలహా ఇచ్చే ఇక్కడి ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2018లోనే చెప్పింది. 2024 నుంచి మూడేళ్ళలో దశలవారీగా తెచ్చిన కొత్త పట్టికలో, పుండ్ల దాకా ముదరని ఈ జబ్బుకి అదనపు డబ్బు తీసేశారు. ఇక ముందు ఈ క్లిప్పు పరీక్ష మీద కంపెనీలకి ఎంత ఆసక్తి ఉంటుందో చూడాలి.

జ్ఞాపకశక్తి పరీక్ష గురించి మాత్రం అందరూ వినండి, పక్కవాళ్ళని లేపండి. మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంటారు. తర్వాత గడియారం బొమ్మ గీసి పదకొండు పది చూపించమంటారు. ఆ తర్వాత ఆ మూడు మాటలూ అడుగుతారు. మాటలు ఇంగ్లీషులో, అదీ వేగంగా, అమెరికన్ యాసలో. గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన మాస్టారికి బనానా, సన్‌రైజ్, చెయిర్ అని గడగడా చెప్పి, ఆయన రెండు మర్చిపోతే అది మతిమరుపా? వినిపించకపోవడమా? కంగారా? ఆ కాగితం మీద మాత్రం మార్కులు తక్కువ పడతాయి. అందుకే ముందే ఫోను చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. ప్లాన్ వాళ్ళు ఉచితంగా ఏర్పాటు చెయ్యాలి, ఫోనులోనైనా సరే. కొడుకునో కోడలినో అనువాదానికి కూర్చోబెట్టుకోకండి. ఎందుకంటే తర్వాత ప్రశ్న, "ఈ రెండు వారాల్లో మనసు దిగులుగా ఉందా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉందా?" అని. కోడలు అడుగుతుంటే ఏ అత్తగారు అవునంటుంది? "అబ్బే, నాకేం, బంగారంలా చూసుకుంటున్నారు" అంటుంది. అదే ఇంటర్‌ప్రెటర్ అడిగితే నిజం చెప్పుకోవచ్చు. పగలంతా ఒక్కరే ఇంట్లో ఉండే పెద్దవాళ్ళు మన సబ్‌డివిజన్లలో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు.

ఇంటికి రావడం వల్ల నిజంగా లాభం ఎక్కడుందంటే మందుల దగ్గర. నా దగ్గరికి వచ్చేటప్పుడు మీరు ఇక్కడి సీసాలు మాత్రమే తెస్తారు. ఇండియా నుంచి తెచ్చుకున్న స్ట్రిప్పులు అల్మారాలోనే ఉంటాయి. ఒకావిడకి లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. నేను ఎంత వెతికినా కారణం దొరకలేదు. ఇంటికెళ్ళిన నర్సు పట్టుకుంది. నేను రాసిన లోసార్టాన్ వేసుకుంటూనే, హైదరాబాదు డాక్టరు రాసిన టెల్మా కూడా వేసుకుంటోంది. రెండూ ఒకే జాతి బీపీ మందులు. "అది ఇండియా బీపీకి, ఇది అమెరికా బీపీకి అనుకున్నానండీ" అంది. (నవ్వులు) ఎకోస్ప్రిన్ అన్నా ఆస్పిరిన్ అన్నా ఒకటే. గ్లైకోమెట్ అన్నా మెట్‌ఫార్మిన్ అన్నా ఒకటే. నర్సు వచ్చే రోజున ఆయుర్వేదం, హోమియోపతి, నిద్రమాత్రలు, అన్నీ బల్ల మీద పొయ్యండి. సిగ్గుపడకండి.

అలాగే పడిపోవడం. బాత్‌టబ్ గట్టు ఎంత ఎత్తుందో, పట్టుకోడానికి కమ్మీ ఉందో లేదో, మెట్ల దగ్గర కార్పెట్ లేచిందో, ఇవి నా ఆఫీసులో కూర్చుంటే నాకు కనిపించవు. తడి బాత్రూమ్‌లో రబ్బరు చెప్పులతో నడిచే అలవాటు కూడా ఇంటికొస్తేనే తెలుస్తుంది.

అందుకే రానివ్వద్దు అని నేను అనను. వద్దంటే వద్దనే హక్కు మీకుంది, మీ కవరేజీ ఏమీ తగ్గదు. రమ్మంటే మాత్రం, వెళ్ళేముందు ఒక్క మాట అడగండి. "నా పేరు మీద ఏయే జబ్బులు రాశారు? ఆ కాపీ నాకివ్వండి, మా డాక్టరుకీ పంపండి." ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి రండి. కొత్త జబ్బు ఉంటే పరీక్ష చేయిద్దాం. లేకపోతే సరిచెయ్యమని రాతపూర్వకంగా అడుగుదాం. రికార్డు చూసుకునే హక్కూ, తప్పుంటే దిద్దమని కోరే హక్కూ వైద్య రికార్డుల గోప్యత గురించిన హిపా చట్టంలో ఉన్నాయి. వాళ్ళు దిద్దకపోయినా మీ అభ్యంతరాన్ని ఫైల్లో పెట్టాలి. దీనివల్ల ఏం లాభం అనుకోకండి. రేపు అడ్వాంటేజ్ వదిలేసి మామూలు మెడికేర్‌కి వెళ్ళి అది కట్టని ఖర్చులు భరించే మెడిగ్యాప్ పాలసీ కొనబోతే, చాలా రాష్ట్రాల్లో మీ జబ్బుల చిట్టా అడిగి, కావాలంటే వద్దు పొమ్మంటారు. లేని జబ్బు రాసి ఉంటే అప్పుడు తెలుస్తుంది దాని ఖరీదు.

సర్కారు వైపు నుంచి ఒక్క ముక్క చెప్పి ముగిస్తాను. మెడికేర్ మీద కాంగ్రెస్‌కి సలహా ఇచ్చే మెడ్‌పాక్ 2016లోనే, కేవలం ఈ అసెస్‌మెంట్లలో రాసిన జబ్బులకి డబ్బివ్వడం మానెయ్యమంది. ఇంటి విజిట్లలో మాత్రమే కనిపించే జబ్బుల మీద ఆంక్షలు పెట్టమని ఇన్స్పెక్టర్ జనరల్ 2024లో చెబితే, మెడికేర్ నడిపే సీఎంఎస్ దానికి ఒప్పుకోలేదు. జబ్బు రాసినంత మాత్రాన కాకుండా, వైద్యం జరిగాకే డబ్బివ్వాలని నేనంటాను. అప్పుడు ఆ నర్సు మీ ఇంటికి రెండోసారి కూడా వస్తుంది. ఇక అడగండి.

ప్రశ్న: డాక్టరుగారూ, ఆ ఫోను నిజమో దొంగదో ఎలా తెలుస్తుందండీ?

పెట్టేసి, మీ కార్డు వెనకాల ఉన్న నంబరుకి మీరే చెయ్యండి. "నిజంగా మీరే పంపుతున్నారా?" అని అడగండి. ఫోనులో మెడికేర్ నంబరు అడిగితే చెప్పకండి. మీరు అడగకుండా మెడికేర్ వాళ్ళు ఫోను చేసి నంబరు అడగరు. బుగ్గలోంచి దూదితో తీసి జన్యు పరీక్ష చేస్తామంటే అస్సలు ఒప్పుకోకండి. 2019లో ఆ జన్యు పరీక్షల మోసం మీదే 35 మంది మీద కేసులు పెట్టారు, బిల్లులు 210 కోట్ల డాలర్ల పైమాటే. అనుమానం ఉంటే 1-800-633-4227, అది మెడికేర్ నంబరు. ప్లాన్ ఎంచుకోవడంలో సలహా కావాలంటే ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ఉచిత కౌన్సెలింగ్ ఉంది, వాళ్ళు ఏ కంపెనీ ఏజెంట్లూ కారు.

ప్రశ్న: ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను బాబూ. కొత్త మనిషిని లోపలికి రానివ్వడం భయం.

భయం ఉంటే వద్దనెయ్యండి అమ్మా. వీడియోలో చేస్తారేమో అడగండి, కొన్ని ప్లాన్లు చేస్తాయి. లేదా ఏటా మీ డాక్టరు దగ్గరే వెల్‌నెస్ విజిట్ ఉంది, 2011 నుంచి మెడికేర్‌లో అదీ ఉచితమే. ఇందులో చేసే చాలా పనులు అక్కడా చేస్తాం. మందుల సంచి మాత్రం తీసుకురండి, ఇండియావి కూడా.

ప్రశ్న: కిందటేడాది వచ్చిన నర్సు ఏం రాసిందో ఇప్పుడు అడగొచ్చా?

తప్పకుండా. సోమవారం ఫోను చెయ్యండి. విజిట్ సారాంశం పోస్టులో పంపమనండి. చాలామందికి అది అప్పుడే వచ్చి ఉంటుంది, ప్రకటన కాగితమనుకుని పారేసి ఉంటారు.

ప్రశ్న: మరి గిఫ్ట్ కార్డు తీసుకోవచ్చాండీ?

హాయిగా తీసుకోండి. (నవ్వులు) దానికోసం మళ్ళీ మళ్ళీ ఫోను చేసి అడగాల్సి వస్తుంది, అది వేరే సంగతి.